మానిక నుంచి టీఎంసీ దాకా
(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

"మీరు నీళ్ళ సరఫరాలో ఇంజినీరుగా పనిచేశారు కదా, ఏదైనా పనికొచ్చే విషయం మాట్లాడండి, కానీ ఇరవై నిమిషాలు దాటొద్దు" అని కార్యదర్శి గారు ఫోన్‌లో చెప్పారు. ఆలోచిస్తే, నా ఉద్యోగమంతా ఒకటే పని చేశాననిపించింది. ఒక కొలతలో ఉన్న నీళ్ళను ఇంకో కొలతలోకి మార్చి చెప్పడం. జలాశయం దగ్గర టీఎంసీలు, కాలువ దగ్గర క్యూసెక్కులు, పంపుల దగ్గర ఎంజీడీలు, బిల్లు మీద కిలోలీటర్లు. చిక్కడపల్లి గల్లీలో నల్లా దగ్గర నిలబడ్డ అమ్మకు మాత్రం బిందెలు. అన్నీ అవే నీళ్ళు. ఈ మార్పిడి సంగతే మాట్లాడతాను.

నా వయసువాళ్ళకు కొలతలు పుస్తకంలో కంటే ముందు ఇంట్లో వచ్చాయి. మా నాయనమ్మ నల్లగొండ వైపు ఊరి నుంచి వస్తూ బియ్యం మూటతో పాటు ఇనప మానిక కూడా తెచ్చేది. పట్నంలో గ్లాసు లెక్కల మీద ఆమెకు నమ్మకం లేదు. నాలుగు గిద్దలు సోల, రెండు సోలలు తవ్వ, రెండు తవ్వలు మానిక, రెండు మానికలు అడ్డ, రెండు అడ్డలు కుంచం, రెండు కుంచాలు ఇరస, రెండు ఇరసలు తూము. ఇరవై తూములు పుట్టి. ఈ వరస ఆమెకు ఎక్కం కాదు, పాటలాగా వచ్చేది.

తర్వాత ఇంజినీరింగు చదువుకున్నాక గానీ ఆ వరసలో ఉన్న తెలివి నాకు కనబడలేదు. గిద్ద నుంచి తూము దాకా ప్రతి మెట్టూ రెట్టింపే, లేదా రెట్టింపుకు రెట్టింపు. తూముకి 256 గిద్దలు. అంటే చదువు రానివాళ్ళు కూడా కొలపాత్రను పరీక్షించుకోవచ్చు. తవ్వతో రెండుసార్లు పోస్తే మానిక నిండాలి. నిండకపోయినా పొర్లినా రెంటిలో ఏదో ఒకటి తప్పుడుది. పది భాగాల పద్ధతిలో లెక్క తేలికే, కానీ నీళ్ళు పోసి సగం చేసినంత సులువుగా పదో వంతు చేయలేం.

కొలిచేటప్పుడు నాయనమ్మ మొదటి మానికను "ఒకటి" అనేది కాదు, "లాభం" అనేది. ఏడు దగ్గరికి వచ్చేసరికి "ఆరున్నొక్కటి". ఏడు అంటే ఏడుపు గుర్తొస్తుందని. మా తాత మాత్రం నవ్వేవాడు కాదు. వాళ్ళ ఊళ్ళో వడ్లు అప్పిచ్చేచోట ఇచ్చే మానిక ఒకటి, పుచ్చుకునే మానిక ఇంకొకటి ఉండేవట. చూపుకి రెండూ ఒకటే. తేడా ఒక్క గిద్ద అనుకోండి. గిద్దే కదా అనిపిస్తుంది. పుట్టికి 320 మానికలు. మానికకు గిద్ద చొప్పున 320 గిద్దలు, అంటే 20 మానికలు, అంటే ఒక తూము మీద ఒక కుంచం. వడ్డీ కాక ఇది పైన. దానికి తోడు ఇచ్చేది తలగొట్టి ఇస్తారు, పుచ్చుకునేది గోపురంగా పోయించుకుంటారు. పట్టికలో మాత్రం మానికంటే మానికే. గోపురం సంగతి ఏ పట్టికా చెప్పదు.

ఇంకో ముచ్చట. మనవాళ్ళు పొలాన్ని కూడా ఈ కొలతతోనే చెప్పారు. కుంచెడు మడి, పుట్టెడు చేను. అందులో ఎంత విత్తనం పడుతుందో అంత పొలం. అలాగే తూము అంటే వడ్ల కొలతే కాదు, చెరువు నుంచి పొలానికి నీళ్ళు వదిలే దారి కూడా తూమే. నేను ఉద్యోగంలో చేరిన మొదటి వారం ఒక పెద్దాయన "తూములో ఎన్ని నీళ్ళు వస్తున్నాయి" అని అడిగితే, నాకు వెంటనే నాయనమ్మ గుర్తొచ్చింది.

ఇప్పుడు బడికి వస్తాను. మేము చిన్న తరగతుల్లో ఉండగా దేశమంతా కొలతలు మారాయి. 1957 ఏప్రిల్‌లో నయాపైసలు వచ్చాయి. 1956లో చేసిన చట్టం ప్రకారం 1958 అక్టోబరు నుంచి కిలోలు మొదలయ్యాయి, ఆ తర్వాత దశలవారీగా లీటర్లు. మా ఇళ్ళల్లో అప్పటికే పెద్దలకు ఒక మార్పిడి అలవాటే. 7 హాలీ రూపాయలకు 6 కల్దార్ రూపాయలు. ఇది రెండోది, ఇంకా పెద్దది.

అయిదో తరగతిలో మా లెక్కల సారు కొత్త పట్టిక బల్ల మీద రాయించి బట్టీ పట్టించవలసింది. ఆయన అలా చేయలేదు. ఇంటి నుంచి సోల, తవ్వ, పాలవాడి దగ్గర అడిగి తెచ్చిన పావుసేరు గిన్నె, కొత్తగా వచ్చిన లీటరు డబ్బా తెచ్చి, మమ్మల్ని బడి వెనక నీళ్ళ హౌజు దగ్గర కూర్చోబెట్టాడు. "పొయ్యండిరా" అన్నాడు. పోశాం. తడిశాం. ఒకడి తవ్వ లీటరులో ఒక చోటికి వచ్చింది, ఇంకొకడి ఇంటి తవ్వ ఇంకో చోటికి వచ్చింది. "సార్, ఏది రైటు?" అని అడిగాం. "ఎవరి తవ్వ అని ముందు అడగండి" అన్నాడు. ఆయన ఇప్పుడు లేరు. ఆ రోజు అక్కడ తడిసినవాళ్ళలో ముగ్గురు ఈ సభలో ఉన్నారు, వెనక వరసలో కూర్చుని నవ్వుతున్నారు.

"ఎవరిది" అన్న ప్రశ్న చిక్కడపల్లి కూరగాయల దగ్గర రోజూ వచ్చేది. 1956 నవంబరులో రాష్ట్రం ఏర్పడ్డాక కర్నూలు నుంచి ఆఫీసులు ఇక్కడికి వచ్చాయి. ఆ ఉద్యోగుల కుటుంబాలు కొన్ని చిక్కడపల్లి, అశోక్‌నగర్ గల్లీల్లో అద్దెకు దిగాయి. మా పక్క వాటాలోకి వచ్చిన పిన్నిగారు బెజవాడ వైపు వాళ్ళు. ఆమె "వీశె వంకాయలు ఎంతయ్యా" అని అడిగేది. బండివాడికి వీశె తెలియదు. "సేరు రెండణాలమ్మా" అనేవాడు. పిన్నిగారి ఊళ్ళో తూకపు సేరు 24 తులాలు, అయిదు సేర్లయితే వీశె. అందుకని "అమ్మో, వీశె పదణాలా" అని గుండె మీద చెయ్యి వేసుకునేది. బండివాడి సేరు 80 తులాలు. వీశె 120 తులాలు కాబట్టి అతని లెక్కలో సేరున్నర, మూడణాలు. ఇద్దరూ నిజాయితీపరులే. ఇద్దరూ అవతలివాళ్ళు మోసం చేస్తున్నారనుకున్నారు. ఇది తూకం మాట, కొలత మాట కాదు, అయినా చెప్పకుండా ఉండలేకపోయాను. చివరికి ఇద్దరికీ రాజీ కుదిర్చింది కిలో. 80 తులాల సేరు 933 గ్రాములు, వీశె ఇంచుమించు కిలో నాలుగొందలు.

అయితే లీటరు మాత్రం రాతి మీద గీత అనుకోకండి. 1901 నుంచి లీటరంటే కిలో నీళ్ళు పట్టేంత చోటు. తర్వాత జాగ్రత్తగా కొలిస్తే అది వెయ్యి ఘన సెంటీమీటర్ల కంటే పది లక్షల్లో 28 వంతులు ఎక్కువని తేలింది. 1964లో అంతర్జాతీయ కొలతల సభ పాత నిర్వచనం తీసేసి, లీటరంటే సరిగ్గా వెయ్యి ఘన సెంటీమీటర్లే అంది. 20 వేల లీటర్ల ట్యాంకులో ఆ తేడా అర లీటరు పైచిలుకు. మనకు ఏ ఇబ్బందీ లేదు. కానీ మేము లీటరు నేర్చుకున్నాక లీటరే మారిందన్నది నాకు ఎప్పుడూ సరదాగానే ఉంటుంది.

గ్యాలను మాత్రం సరదా కాదు. హైదరాబాదు నీళ్ళ లెక్క ఇవాళ్టికీ ఎంజీడీలోనే, అంటే రోజుకు పది లక్షల గ్యాలన్లు. ఇది ఇంగ్లండు గ్యాలను, 4.546 లీటర్లు. అమెరికా నుంచి వచ్చిన మీరు పెట్రోలు పోయించుకునే గ్యాలను 3.785 లీటర్లు. కృష్ణా నీళ్ళ పథకంలో ఒక్కో దశ 90 ఎంజీడీ. మొదటి దశ 2004లో వచ్చింది. మన గ్యాలనుతో అది రోజుకు 40 కోట్ల 90 లక్షల లీటర్లు. ఎవరైనా ఇంటర్నెట్‌లో మొదట కనబడ్డ గ్యాలనుతో లెక్క వేస్తే 34 కోట్లే వస్తాయి. తేడా రోజుకు ఆరు కోట్ల ఎనభై లక్షల పైన. పది వేల లీటర్ల ట్యాంకర్లయితే 6,800 బండ్లు, ఒక్క రోజుకి, కాగితం మీద మాయం.

దీన్ని సరిచూసుకోవడానికి ఒక దారి ఉంది, ఇది అశోక్‌నగర్‌లో గ్రూప్ వన్‌కు చదివే పిల్లలకు కూడా పనికొస్తుంది. ఈ మూలన సిటీ సెంట్రల్ లైబ్రరీలో కూర్చుని టీఎంసీల లెక్కలు చేసే పిల్లల్ని నేను చూస్తుంటాను. ఘనపుటడుగు 28.3 లీటర్లు. టీఎంసీ అంటే అలాంటివి వంద కోట్లు, కాబట్టి 2,831 కోట్ల లీటర్లు. కృష్ణా ఒక్కో దశకు ఏడాదికి 5.5 టీఎంసీలని చెబుతారు. దాన్ని 365తో భాగిస్తే రోజుకు దాదాపు 42 కోట్ల 67 లక్షల లీటర్లు, ఇంగ్లండు గ్యాలన్లలో 94 ఎంజీడీ. పైపుల్లో, శుద్ధిలో పోయేది తీసేస్తే 90కి దగ్గర. అదే అమెరికా గ్యాలనుతో చూస్తే 112 దాటుతుంది, పొంతన కుదరదు. పట్టిక మీద ఏ గ్యాలనో రాయకపోయినా అంకెలే చెప్పేస్తాయి. నిండితే ఉస్మాన్‌సాగర్ 3.9 టీఎంసీ, హిమాయత్‌సాగర్ మూడుకు కాస్త తక్కువ. 1908 మూసీ వరద తర్వాత కట్టినవి, మొదటిది 1920లో, రెండోది 1927లో పూర్తయ్యాయి. ఆ రెండూ కలిపినా ఏడు టీఎంసీలకు లోపలే అని గుర్తుంచుకుంటే, పేపర్లో "సాగర్‌కు ఒక్క రోజులో పది టీఎంసీల వరద" అని చదివినప్పుడు కృష్ణమ్మ ఎంతటిదో తెలుస్తుంది.

వంటింట్లో సంగతి క్లుప్తంగా. విదేశాల్లో ఉన్న ఆడపిల్లలు అమ్మను ఫోన్‌లో అడుగుతారు, "ఒక గ్లాసు బియ్యానికి ఎన్ని నీళ్ళు?" గ్లాసుతో బియ్యం, అదే గ్లాసుతో నీళ్ళు పోస్తే ఏ గ్లాసైనా ఒకటే. చిక్కంతా బియ్యం కుక్కర్ గ్లాసుతో, నీళ్ళు అమెరికా కప్పుతో పోసినప్పుడు. కరెంటు కుక్కర్‌తో వచ్చే ప్లాస్టిక్ గ్లాసు 180 మిల్లీలీటర్లు, అది జపాన్‌వాళ్ళ పాత కొలత. అమెరికా కప్పు దాదాపు 237. అన్నం జావైతే తప్పు అమ్మది కాదు. నూనె పాకెట్ కూడా అంతే. లీటరు నూనె కిలో తూగదు, 910 గ్రాములకు అటూ ఇటూ. అదీ వేడిని బట్టి మారుతుంది. పాకెట్ మీద లీటరుతో పాటు గ్రాములు కూడా వేస్తారు. నేను గ్రాములే చూస్తాను.

వంట పాడైతే మళ్ళీ వండుకోవచ్చు. మందు అలా కాదు. పిల్లల మందు సీసా మీద "ఒక చెంచా" అంటే 5 మిల్లీలీటర్లు. మన వంటింటి చెంచాలు ఒక్కొక్కటీ ఒక్కో సైజు. సీసా మూతకున్న గీతనే నమ్మాలి. ఇంకోటి, ఈ సభలో సగం మందికి సంబంధించినది. ఇన్సులిన్ మన దేశంలో రెండు బలాల్లో వస్తుంది. మిల్లీలీటరుకు 40 యూనిట్లు ఒకటి, 100 యూనిట్లు ఇంకొకటి. సిరంజిలు కూడా రెండు రకాలు, 40కి ఎర్ర మూత, 100కి నారింజ మూత. సిరంజి మీద గీతలు యూనిట్లలో ఉంటాయి, కానీ సిరంజికి తెలిసింది మిల్లీలీటరే. రెండేళ్ళ కిందట మా దగ్గరి బంధువు ఒకాయనకు 100 బలం మందు వచ్చింది, ఇంట్లో ఉన్నది ఎర్ర మూత సిరంజి. ఇరవై గీత దాకా తీసింది వాళ్ళ కోడలు. అంటే అర మిల్లీలీటరు. అందులో ఉన్నది ఇరవై కాదు, యాభై యూనిట్లు. ఆ అమ్మాయి సైన్సు టీచరు. సూది గుచ్చేముందు సీసా మీది అక్షరాలు ఇంకోసారి చదివింది, ఆగింది. లేకపోతే ఆ రాత్రి ఆయన చక్కెర ఎక్కడికి పడిపోయేదో. నారాయణగూడ మందుల దుకాణాల్లో మీరు సిరంజి కొనేటప్పుడు, ఇన్సులిన్ సీసా చేతిలో పట్టుకుని వెళ్ళండి. నేను చెప్పే మిగతా అంకెలు మరిచిపోయినా ఫరవాలేదు.

ఇక ఆఖరి మార్పిడి, నాకు అన్నిటికంటే ఇష్టమైనది. దీనికి పట్టిక కూడా అక్కర్లేదు. చదరపు మీటరు మీద ఒక్క మిల్లీమీటరు వాన పడితే సరిగ్గా ఒక లీటరు. అంతే. వాతావరణ శాఖవాళ్ళు చెప్పే మిల్లీమీటర్లు మన డాబా మీద లీటర్లు.

2000 ఆగస్టు 24 మీలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. బేగంపేటలో ఒక్క రోజులో 24 సెంటీమీటర్ల వాన. హుస్సేన్‌సాగర్ మిగులు నీళ్ళు మోసుకొచ్చే నాలా అశోక్‌నగర్ పక్కనుంచే మూసీకి పోతుంది కదా, ఆ రోజు నాలా ఎక్కడో వీధి ఎక్కడో తెలియలేదు. మా మెట్ల దాకా నీళ్ళు వచ్చాయి. పక్కింటి ఫ్రిజ్ తేలుతూ గోడకు కొట్టుకున్న చప్పుడు ఇప్పటికీ చెవిలో ఉంది. తర్వాత ఒకరోజు తీరుబడిగా లెక్క వేశాను. వంద గజాల డాబా అంటే 83.6 చదరపు మీటర్లు. 240 మిల్లీమీటర్లతో గుణిస్తే ఇరవై వేల లీటర్లు. ఈ అంకె తర్వాత 2021లో మళ్ళీ ఎదురైంది, ఇంటికి నెలకు 20 వేల లీటర్ల ఉచిత నల్లా నీళ్ళు ఇస్తామన్నప్పుడు. అంటే ఒక నెలంతా ఒక ఇంటికి సరిపోతాయని ప్రభుత్వం లెక్కగట్టిన నీళ్ళు, ఒక్క రోజులో ఒక్క చిన్న డాబా మీద పడి, నాలాలో కలిసి, పక్కవాడి ఇంట్లోకి వెళ్ళాయి.

ఇది ఎందుకు చెబుతున్నానో సంఘం సభ్యులకు ఇప్పటికే అర్థమై ఉంటుంది. కార్యదర్శి గారూ, మొహం అలా పెట్టకండి, ఇంకో నాలుగు నిమిషాలున్నాయి. స్వర్ణోత్సవ నిధితో బడి గేటు మీద ఆర్చి కట్టాలని ఒక మాట ఉంది. ఆర్చి మీద నాకు పగ లేదు. కానీ ఎండాకాలంలో బడికి ట్యాంకర్ వస్తుంది, వానాకాలంలో బడి ముందు మోకాలి లోతు నీళ్ళు నిలుస్తాయి. ఒకే ఆవరణలో రెండూ.

మన బడి డాబా ఇంచుమించు 60 అడుగుల వెడల్పు, 150 అడుగుల పొడవు. వెయ్యి గజాలు. అంటే 836 చదరపు మీటర్లు. మన ఊళ్ళో ఏడాదికి సగటున 80 సెంటీమీటర్ల వాన. ఆరు లక్షల అరవై వేల లీటర్లు దాటుతుంది. ఆవిరి, మొదటి మురికి నీళ్ళు తీసేసి అయిదో వంతు వదిలేసినా అయిదు లక్షల ముప్ఫై వేలు మిగులుతాయి. పది వేల లీటర్ల ట్యాంకర్లు యాభై మూడు.

ఇక్కడ ఇంజినీరుగా ఒక మాట చెప్పాలి, లేకపోతే అంకెలతో మభ్యపెట్టినట్టవుతుంది. ఆరడుగుల పొడవు, వెడల్పు, లోతుతో ఒక ఇంకుడు గుంత తవ్వి ఫొటో దిగితే పని అవదు. ఆ గుంత ఖాళీగా ఉంటే 216 ఘనపుటడుగులు, 6,100 లీటర్లు. కంకర నింపితే అందులో సగం కూడా మిగలదు. మన డాబా మీద ఒక్క సెంటీమీటరు వాన పడితేనే 8,360 లీటర్లు. ఏ మామూలు జల్లుకైనా గుంత పొర్లుతుంది. అందుకని గుంతకు ముందు ఒక సంపు కావాలి, కనీసం ముప్ఫై వేల లీటర్లది. అది మరుగుదొడ్లకీ చెట్లకీ వాడుకునే నీళ్ళకి. పొర్లింది గుంతలోకి, గుంతలోంచి పాత బావిలోకి. మేము చిన్నప్పుడు నీళ్ళు తాగిన బావి ఇంకా ఉంది, స్టేజి వెనక, మీద బండ పరిచి. దాని లోతెంతో ఇప్పుడు ఎవరికీ గుర్తు లేదు, తాడు వేసి చూడాలి.

ఇంకో కోరిక చిన్నది. పిల్లలకు ఒక సెట్టు కొలపాత్రలు కొనివ్వండి. గిద్ద, సోల, తవ్వ, మానిక ఇంకా కొన్ని ఇళ్ళల్లో అటక మీద ఉన్నాయి, తెచ్చి ఇవ్వండి. పక్కన లీటరు జాడీ పెడితే చాలు. టీచర్లు పాఠం చెప్పనక్కర్లేదు, నీళ్ళ దగ్గర వదిలేయండి.

డాబా కొలత నేను అడుగులేసి చూసి చెప్పింది. అంచనాకి సరిపోతుంది, సంపు కట్టడానికి సరిపోదు. వచ్చే ఆదివారం పొద్దున ఏడింటికి, ఎండ ఎక్కకముందే, వంద అడుగుల టేపు పట్టుకుని వస్తాను. టేపు రెండో కొస పట్టుకోవడానికి ఒకరు కావాలి. బావిలో తాడు వేయడానికి ఇంకొకరు. సభ అయ్యాక నా దగ్గర పేరు ఇవ్వండి.